203 ఓట్ల తేడా
(భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాసం)



పట్టాభి గారి పేరు చెప్పగానే తెలుగువాళ్లకు మచిలీపట్నం గుర్తొస్తుంది. 1923లో ఆ ఊళ్లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు, ఆయన రాసిన కాంగ్రెస్ చరిత్ర గుర్తొస్తాయి. దేశంలో మిగతావాళ్లు మాత్రం ఆయన్ని ఎక్కువగా ఒక ఓటమితోనే గుర్తుపెట్టుకున్నారు. 1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నికలో సుభాష్ చంద్రబోస్‌కు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. తేడా 203. ఆ ఓటమి పట్టాభిది కన్నా తనదేనని గాంధీజీ ప్రకటించారు. దాంతో పోటీ చేసిన మనిషి చరిత్రలో గాంధీజీ నీడగానే మిగిలిపోయాడు. తొమ్మిదేళ్లు దాటాక, 1948లో, అదే పదవికి మళ్లీ నిలబడి పురుషోత్తమ్‌దాస్ టాండన్‌కు వచ్చిన 1,085 ఓట్ల మీద 1,199 ఓట్లతో ఆయన గెలిచిన సంగతి చాలామంది చెప్పనే చెప్పరు. ఒకే పదవికి ఒకసారి ఓడి, ఒకసారి గెలిచిన మనిషి పేరుమీద జరుగుతున్న సభ ఇది. అందుకే పార్టీలు తమ నాయకుణ్ని ఓటు వేసి ఎన్నుకోవడం గురించి ఇవాళ మాట్లాడదలిచాను.

ఏదైనా పార్టీలో సంస్థాగత ఎన్నికల మాట వస్తే మనం అడిగే మొదటి ప్రశ్న, తరచు ఆఖరి ప్రశ్న కూడా, ‘అసలు ఓటింగ్ జరిగిందా?’ అనేదే. జరిగితే ప్రజాస్వామ్యం ఉన్నట్టు, జరగకపోతే లేనట్టు లెక్క తేల్చేస్తాం. ఈ కొలబద్ద చాలదని నా వాదన. ఓట్లు లెక్కపెట్టిన మర్నాటి నుంచి ఏం జరిగిందో చూడాలి. ఓటర్లిచ్చిన తీర్పును తిరగదోడగల శక్తి ఎవరి చేతిలో ఉంది? ఆ శక్తి నియమావళిలో రాసి ఉందా, లేక నియమావళి బయట ఎవరి పెద్దరికంలోనో ఉందా? కాంగ్రెస్ పార్టీలో నిజమైన పోటీ జరిగిన అధ్యక్ష ఎన్నికలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. వాటిని వరసగా చూస్తే ఈ ప్రశ్న ఎందుకు అడగాలో తెలుస్తుంది. కాంగ్రెస్‌నే తీసుకోవడానికి కారణం దాని మీద కోపం కాదు. తన ఎన్నికల్లో ఓడినవాడికి ఎన్ని ఓట్లు వచ్చాయో మనకు చెప్పిన పెద్ద పార్టీ అది. లెక్క చెప్పినవాణ్నే కదా లెక్క అడగగలం.

1939లో ఓటుకు ముందే అసలు వివాదం మొదలైంది. అధ్యక్ష ఎన్నిక విధానాల మీద, కార్యక్రమాల మీద జరగాలనీ, అధ్యక్షుడంటే నిజమైన నాయకుడనీ బోస్ వాదించారు. వల్లభ్‌భాయ్ పటేల్, రాజేంద్ర ప్రసాద్, కృపలానీ, శంకర్‌రావ్ దేవ్ మొదలైన వర్కింగ్ కమిటీ సభ్యులు కలిసి ఒక ప్రకటన ఇచ్చారు. అధ్యక్షుడు రాజ్యాంగబద్ధుడైన రాజులాగా సంస్థ ఐక్యతకు గుర్తు మాత్రమేననీ, విధానాలు నిర్ణయించేది కమిటీ అనీ, ఈ ఎన్నిక ఎప్పట్లా ఏకగ్రీవంగా జరిగితేనే అందమనీ దాని సారాంశం. నిజానికి రెండు పక్షాలూ ఒకే పదవి గురించి మాట్లాడటం లేదు. ఓటర్లు ఒక పదవికి ఓటేస్తున్నామనుకున్నారు, పెద్దలు ఇంకో పదవిని మనసులో పెట్టుకున్నారు. మౌలానా ఆజాద్ తప్పుకోవడంతో పట్టాభి ఆ రెండో పక్షం తరఫున నిలబడవలసి వచ్చింది. బోస్ గెలిచారు. ఫిబ్రవరిలో వర్కింగ్ కమిటీ సభ్యుల్లో అత్యధికులు రాజీనామా చేశారు. మార్చిలో జబల్‌పూర్ దగ్గర త్రిపురిలో మహాసభ. బోస్ తీవ్రమైన జ్వరంతో వచ్చారు. అధ్యక్షోపన్యాసం ఆయన అన్న శరత్ చంద్రబోస్ చదివారు. గాంధీజీ సభకు రాలేదు, రాజ్‌కోట్‌లో ఉన్నారు. గోవింద్ వల్లభ్ పంత్ ప్రవేశపెట్టిన తీర్మానాన్ని ఆ సభ ఆమోదించింది. అధ్యక్షుడు తన వర్కింగ్ కమిటీని గాంధీజీ అభీష్టం ప్రకారం నియమించాలన్నది అందులోని కీలకమైన మాట.

ఇక్కడ నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. త్రిపురిలో ఓటేసింది కూడా ప్రతినిధులే కదా, జనవరిలో బోస్‌ను గెలిపించినవాళ్లే మార్చిలో ఆయన చేతులు కట్టేశారు కదా, ఇందులో తీర్పును తిరగదోడింది ఎవరు అని అడగవచ్చు. ప్రతినిధులకు మనసు మార్చుకునే హక్కు తప్పకుండా ఉంది. ఆ మనసు మార్పు ఏ రూపంలో వచ్చిందన్నదే నా అభ్యంతరం. అధ్యక్షుడి మీద నమ్మకం పోయిందని తీర్మానిస్తే ఆయన దిగిపోయేవాడు, మళ్లీ ఎన్నిక జరిగేది. సభ అలా చెయ్యలేదు. ఆయన్ని కుర్చీలో ఉంచి, కుర్చీ అధికారాన్ని ఏ పదవిలోనూ లేని, సంస్థలో కనీసం సభ్యుడు కూడా కాని మరొకరి అభీష్టానికి ముడిపెట్టింది. గాంధీజీ 1934లోనే కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. ఆయన తన అభీష్టం చెప్పడానికి ఒప్పుకోలేదు. మీ కమిటీ మీరే వేసుకోండి, నా పేర్లు మీ మీద రుద్దను అన్నది ఉత్తరాల్లో ఆయన చెప్పిన దాని సారం. వ్యక్తిగా అది ఎంతో మర్యాదగల మాట. కానీ తీర్మానం ప్రకారం గాంధీజీని అడగకుండా బోస్ కమిటీ వెయ్యలేరు, అడిగితే ఆయన చెప్పరు. ఏప్రిల్ 29న కలకత్తాలో బోస్ రాజీనామా చేశారు. మే నెలలో ఫార్వర్డ్ బ్లాక్ పుట్టింది. ఏ బ్యాలెట్ పత్రం మీదా పేరు లేని వ్యక్తి సమ్మతి 1,580 ఓట్ల కంటే బరువు తూగింది. ఆ వ్యక్తి గాంధీజీ కాబట్టి మనకు ఇది చెప్పుకోవడం కష్టంగా ఉంటుంది. నాకూ కష్టంగానే ఉంది. అయినా చెప్పాలి. ఎందుకంటే ఆ తర్వాత గాంధీజీ లేరు, ఆ అలవాటు మాత్రం ఉండిపోయింది.

1950లో టాండన్‌కు 1,306, కృపలానీకి 1,092, శంకర్‌రావ్ దేవ్‌కు 202 ఓట్లు వచ్చాయి. అధ్యక్ష పదవికి పోటీ శోభించదని 1939లో సంతకం పెట్టిన కృపలానీ, శంకర్‌రావ్ దేవ్ ఇద్దరూ ఈసారి బరిలో ఉన్నారు. పోటీ పట్ల పెద్దల అభిప్రాయం సిద్ధాంతం కంటే సందర్భాన్ని బట్టే మారేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. టాండన్ గెలిచారు. ఆయన ఎన్నికను ఇష్టపడని నెహ్రూ 1951 ఆగస్టులో వర్కింగ్ కమిటీకి రాజీనామా ఇచ్చారు. సెప్టెంబరులో టాండన్ దిగిపోయారు, నెహ్రూయే అధ్యక్షుడయ్యారు. 1977లో ఎమర్జెన్సీ ఓటమి తర్వాత మన కాసు బ్రహ్మానందరెడ్డి సిద్ధార్థ శంకర్ రేను ఓడించి అధ్యక్షుడయ్యారు. 1978 జనవరికల్లా ఇందిరాగాంధీ వేరే కాంగ్రెస్ పెట్టుకున్నారు. ఆ ఫిబ్రవరిలో ఆయన సొంత రాష్ట్రంలోనే కొత్త పార్టీ 294లో 175 స్థానాలు గెలిచింది. 1997లో సీతారాం కేసరికి 6,224 ఓట్లు, శరద్ పవార్‌కు 882, రాజేశ్ పైలట్‌కు 354. అంత మెజారిటీతో గెలిచిన కేసరిని 1998 మార్చి 14న వర్కింగ్ కమిటీ ఒక్క సమావేశంలో తప్పించి సోనియాగాంధీని ఆ స్థానంలో కూర్చోబెట్టింది. నాలుగు ఎన్నికలు, నలుగురు విజేతలు. ఒకరైనా గెలిచిన పదవిలో, గెలిచిన పార్టీలో నిండుగా కాలం గడపలేదు. ఒక్కొక్కదానికీ వేరే కారణాలు ఉన్నాయి, కాదనను. టాండన్‌కూ నెహ్రూకూ మధ్య విధానాల తేడా నిజమైనదే. కేసరి నాయకత్వంలో పార్టీ ఎన్నికల్లో నలిగిపోయిన మాటా నిజమే. కానీ ఏ ఒక్కసారీ ఓటేసినవాళ్లను మళ్లీ పిలిచి ‘మీ తీర్పు మార్చుకుంటారా’ అని అడగలేదు.

మరి 1948లో పట్టాభి ఎలా నిలిచారు? ఆయన రెండేళ్ల కాలం పూర్తి చేశారు. జైపూర్ మహాసభకు అధ్యక్షత వహించారు. నెహ్రూ, పటేల్‌లతో కలిసి భాషా రాష్ట్రాల మీద ఏర్పడిన జె.వి.పి. కమిటీలో మూడో అక్షరం ఆయనదే. ఆయన గెలుపు నిలవడానికి ఆయన నేర్పు ఒక కారణం కావచ్చు. నాకు కనబడే పెద్ద కారణం వేరు. అంతకుముందు ఏడాది, 1947 నవంబరులో, కృపలానీ అధ్యక్ష పదవి వదిలేశారు. ప్రభుత్వం పార్టీ అధ్యక్షుణ్ని సంప్రదించకుండా నిర్ణయాలు తీసుకుంటోందన్నది ఆయన ఫిర్యాదు. ఆ రాజీనామాతో ప్రధానమంత్రి ఎక్కువా పార్టీ అధ్యక్షుడు ఎక్కువా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. అంటే పట్టాభి గెలిచేనాటికి పదవిలోని అధికారం ప్రభుత్వంలోకి వెళ్లిపోయింది. ఆయన్ని పడగొట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఇది ఆయన్ని తక్కువ చేయడానికి చెబుతున్నది కాదు. పదవిలో బలం ఉంటే ఓటును తోసేశారు, ఓటు నిలిచినప్పుడు పదవిలో బలం లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను.

ఇంత గొడవెందుకు, నలుగురూ కూర్చుని ఏకగ్రీవంగా తేల్చుకుంటే పోలేదా అనేవాళ్లు మన దగ్గర చాలామంది. ‘ఏకగ్రీవం’ అనే మాటను ఒక్కసారి దగ్గరగా చూడండి. గ్రీవం అంటే మెడ. అందరిదీ ఒకే మెడ అన్నట్టు అన్నమాట. పంచాయతీ ఎన్నికల్లో పోటీ లేని ఊళ్లకు మన ప్రభుత్వాలు ప్రోత్సాహకంగా డబ్బులిస్తాయి. పోటీ అంటే ఊరు చెడటం అని, నామినేషన్ వేసినవాడు పెద్దమనుషుల మాట కాదన్నవాడని చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటున్నాం. పార్టీ ఐక్యత కోసమే పోటీ వద్దన్న వాదన ఈ నేల మీద సులభంగా మొలుస్తుంది. దానికి జవాబు కోసం ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు. 1978 నుంచి 1983 జనవరి వరకు మన రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. భవనం ఫిబ్రవరిలో వచ్చి సెప్టెంబరులో వెళ్లారు. ఈ మార్పుల్లో పేరు తేల్చింది ఎమ్మెల్యేల ఓటు కాదు, అధిష్ఠానం. ఎమ్మెల్యేలు దాన్ని ఏకగ్రీవంగా బలపరిచారు. ఏకగ్రీవం ఐక్యత తెచ్చేదే అయితే ఆ ఐదేళ్లు రాష్ట్ర కాంగ్రెస్‌కు స్వర్ణయుగం కావాలి. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టడానికీ, తొమ్మిది నెలల్లో అధికారంలోకి రావడానికీ ఈ ఢిల్లీ నియామకాల మీద జనానికి కలిగిన రోషం ఎంత తోడ్పడిందో ఈ సభలో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ పార్టీలోనూ నాయకత్వ వివాదం వచ్చిన 1995 ఆగస్టులో దాన్ని తేల్చడానికి సభ్యుల బ్యాలెట్ లేదు. హైదరాబాదు హోటల్లో ఎమ్మెల్యేల క్యాంపు, ఎటువైపు ఎందరన్న తలల లెక్క తేల్చాయి. పెట్టె లేని చోట క్యాంపు వస్తుంది. అక్కడ ఎటున్నాడో ప్రతివాడి మొహం అందరికీ కనబడుతుంది. రహస్య బ్యాలెట్ ఇచ్చే రక్షణ ఆ మనిషికి ఉండదు.

ఒక పార్టీ తన నాయకుణ్ని ఎలా ఎంచుకుంటుందన్నది ఆ పార్టీ సభ్యుల ఇంటి వ్యవహారం, మనకెందుకు అంటారేమో. 1985లో ఫిరాయింపుల చట్టం రాకముందైతే ఆ మాటకు కొంత అర్థం ఉండేది. ఇప్పుడు విప్‌ను ధిక్కరించి ఓటేసిన శాసనసభ్యుడికి సభ్యత్వం పోతుంది. ఆ విప్‌ను నియమించే అధికారం శాసనసభా పక్షానిది కాదు, రాజకీయ పార్టీదే అని 2023 మేలో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మనం ఓటేసి పంపిన మనిషి సభలో ఎటు చెయ్యెత్తాలో పార్టీ పైన కూర్చున్నవాళ్లు చెబుతారు. అలాంటప్పుడు ఆ పైన ఎవరు, ఎలా కూర్చున్నారన్నది ఓటరుకు సంబంధించిన విషయం కాక మరేమిటి? చట్టం మాత్రం ఇక్కడ మౌనంగా ఉంది. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 29ఎ సెక్షన్ నమోదు కోరే పార్టీ రాజ్యాంగానికీ ప్రజాస్వామ్య సూత్రాలకూ కట్టుబడతానని రాసివ్వాలంటుంది. ఆ మాట తప్పితే నమోదు రద్దు చేసే సాధారణ అధికారం ఎన్నికల సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ తన అధ్యక్షుణ్ని జీవితకాల అధ్యక్షుడిగా ప్రకటించుకున్నప్పుడు ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది, శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమంది. ఒక్క పార్టీనే వేలెత్తి చూపడం న్యాయం కాదు. తెలుగుదేశం, భారత రాష్ట్ర సమితి, భారతీయ జనతా పార్టీ జాతీయాధ్యక్షుల ఎన్నికల్లోనూ నామినేషన్ ఒక్కటే దాఖలవడం ఆనవాయితీ. అక్కడ తిరగదోడటానికి తీర్పంటూ ఏదీ ఉండదు.

సామాన్య సభ్యులకు ఓటిస్తే తప్పుడు మనిషిని ఎన్నుకుంటారన్నది మరో అభ్యంతరం. దీనికి ఈమధ్య బ్రిటన్ ఉదాహరణ చూపుతున్నారు. 2022లో కన్సర్వేటివ్ ఎంపీల ఓటింగ్‌లో రిషి సునాక్‌కు 137, లిజ్ ట్రస్‌కు 113. పార్టీ సభ్యుల ఓటింగ్‌లో ట్రస్‌కు 81,326, సునాక్‌కు 60,399. ట్రస్ రెండు నెలలు నిండకుండానే రాజీనామా ప్రకటించారు. సభ్యుల ఎంపిక దెబ్బతిన్నదనడంలో నాకు సందేహం లేదు. ఆ ఉదాహరణలో నేను చూసేది ఇంకొకటి. ముందుగా ఎంపీలు ఇద్దరిని నిలబెట్టాలని, ఆ ఇద్దరిలో ఒకరిని సభ్యులు ఎన్నుకోవాలని, నాయకత్వం మీద నమ్మకం పోతే ఎంపీలు అవిశ్వాసం పెట్టవచ్చని అక్కడి నియమాల్లో ముందే రాసి ఉంది. ఓటేసిన ప్రతి సభ్యుడికీ ఇది తెలుసు. ట్రస్‌ను దింపిన ఒత్తిడి ఆ అధికారం ఉన్నవాళ్ల నుంచే వచ్చింది. తప్పుడు ఎంపిక జరిగింది, సరిదిద్దుకునే దారి కూడా అందరి కళ్లముందే ఉంది. బోస్‌కు, టాండన్‌కు, కేసరికి ఓటేసినవాళ్లకు అలాంటి దారి ఉందని ఎవరూ ముందు చెప్పలేదు.

ఇక 2022 అక్టోబరు 17. కాంగ్రెస్ అధ్యక్ష పదవికి రెండు దశాబ్దాల తర్వాత పోటీ. 2000లో సోనియాగాంధీకి 7,448, జితేంద్ర ప్రసాదకు 94 ఓట్లు వచ్చాయి. దాన్ని పోటీ అనాలో వద్దో మీరే చెప్పాలి. ఈసారి మల్లికార్జున ఖర్గే, శశి థరూర్. ఓటర్లు పీసీసీ కార్యాలయాల్లో వరసగా నిలబడ్డారు. భారత్ జోడో యాత్రలో ఉన్నవాళ్ల కోసం బళ్లారి దగ్గర సంగనకల్లు శిబిరంలో బూత్ పెట్టారు. పోలింగుకు ముందు జరిగిన ఒక చిన్న విషయం నాకు పెద్ద ఫలితాల కంటే విలువైనదిగా తోస్తుంది. ఓటు వేసేవారు తమకు నచ్చిన పేరు ఎదురుగా ‘1’ అని రాయాలని మొదట చెప్పారు. బ్యాలెట్ పత్రం మీద ఒకటో నంబరు ఖర్గేది. ‘1’ అంటే ఒకటో నంబరు అభ్యర్థి అని ఓటరు పొరబడే ప్రమాదం ఉందని థరూర్ పక్షం అభ్యంతరం చెప్పింది. ఎన్నికల విభాగం దాన్ని ఒప్పుకుని టిక్కు గుర్తు పెట్టమని మార్చింది. గెలవబోయేది ఎవరో దాదాపు అందరికీ తెలిసిన ఎన్నికలో, ఓడబోయేవాడి అభ్యంతరాన్ని విని నియమం మార్చారు. ఇలాంటి చోట్లే సంస్థకు అలవాట్లు ఏర్పడతాయి. లెక్కింపు రోజున అన్ని రాష్ట్రాల బ్యాలెట్ పత్రాలనూ ఒకచోట కలిపేసి లెక్కపెట్టారు, ఏ రాష్ట్రం ఎవరికి వేసిందో తెలియకుండా. 1939లో రాష్ట్రాలవారీ లెక్క పత్రికల్లో వచ్చింది, బెంగాల్ బోస్ వైపు, ఆంధ్ర పట్టాభి వైపు ఉన్నాయని దేశమంతా చదివింది. ఆ ప్రతినిధులకు లెక్క బయటపడుతుందన్న భయం లేదు. ఇవాళ తన రాష్ట్రం ఓటు బయటపడితే టిక్కెట్టు దక్కదేమోనని వణికే ప్రతినిధికి ఆ కలపడం ఒక గొడుగు. ఫలితం ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072, చెల్లనివి 416. కలిపి లెక్కపెట్టినందువల్ల ఆ 1,072 మంది ఏ రాష్ట్రం వారో ఎవరూ ఆరా తీయలేరు. ఓడిన థరూర్ 2023 ఆగస్టులో వర్కింగ్ కమిటీలోకి వచ్చారు. ప్రతినిధుల జాబితా బహిరంగంగా ప్రచురించాలన్న డిమాండు మాత్రం నెరవేరలేదు. ఓటరు ఎవరో తెలియని ఎన్నికలో ఓటు ఎంత రహస్యంగా ఉన్నా సగం న్యాయమే.

అధ్యక్షుణ్ని ఎన్నుకున్నాక ఆయన చుట్టూ కూర్చునేవాళ్ల సంగతి మిగిలింది. త్రిపురిలో గొడవంతా ఆ కమిటీ గురించే కదా. 1992 ఏప్రిల్‌లో తిరుపతి మహాసభలో పి.వి. నరసింహారావు వర్కింగ్ కమిటీకి ఎన్నికలు పెట్టించారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ వంటివారు గెలిచారు. గెలిచినవాళ్లలో దళితులు, మహిళలు ఒక్కరూ లేరని, ఇది పార్టీకి తగదని పి.వి. అన్నారు. గెలిచినవాళ్ల చేత రాజీనామాలు చేయించి, కమిటీని తానే నియమించారు. ఆయన చూపిన లోపం నూటికి నూరుపాళ్లూ నిజం. దాన్ని తేలిగ్గా తీసిపారేసే వాదన నేను చెయ్యను. కానీ ఆ లోపానికి మందు ఓటుకు ముందు నియమంలో పెట్టవలసింది, ఫలాని స్థానాలు ఫలానివారికి అని. ఓట్లు లెక్కపెట్టాక ఆ మాట చెబితే, గెలిచినవాడికి అది న్యాయంగా వినబడదు, దళితుడికీ మహిళకూ కూడా తాము గెలిచి వచ్చామన్న బలం దక్కదు. ముప్పై ఏళ్ల తర్వాత 2023 ఫిబ్రవరిలో రాయపూర్ మహాసభ ఆ నియమం రాసింది. వర్కింగ్ కమిటీలో సగం స్థానాలు దళితులు, గిరిజనులు, వెనుకబడిన వర్గాలు, మైనారిటీలు, మహిళలు, యువతకు కేటాయించింది. అదే రాయపూర్‌లో, కమిటీకి ఎన్నికలు అక్కర్లేదని, సభ్యులందరినీ నియమించే అధికారం అధ్యక్షుడికి ఇవ్వాలని స్టీరింగ్ కమిటీ నిర్ణయించింది. వర్కింగ్ కమిటీ కోసం ఆ పార్టీలో చివరిసారి ఓట్లు పడింది 1997లో, కలకత్తాలో.